ఇంట్లో అంటే ఇల్లు

ఈ-రీడర్ మీద తెలుగు కథలు చదువుకునేటప్పుడు ఒక చిన్న సంగతి నన్ను చాలాకాలంగా వదలడం లేదు. కథ హాయిగా సాగుతుంటుంది. ఎక్కడో ‘గరిసెలోంచి’ లాంటి మాట తగులుతుంది. వడ్లకు సంబంధించినదని సందర్భం చెబుతూనే ఉంటుంది. కానీ గరిసె అంటే గాదేనా, వేరే ఏదైనానా? ఆ మాట మీద వేలు నొక్కిపట్టుకుంటే దాని వెనక బూడిదరంగు పరుచుకుంటుంది, నిఘంటువు పెట్టె తెరుచుకుంటుంది, అందులో ఏమీ ఉండదు. నాకు కావలసిన నిఘంటువు అదే యంత్రంలో ఉంది. ‘గరిసె’ అందులో ఉంది, అర్థంతో సహా ఉంది. ‘లోంచి’ అన్న చిన్న ముక్క అడ్డుపడడంతో పుస్తకంలోని మాట నిఘంటువులోని మాటను చేరుకోలేకపోతోంది. తెలుగులో నామవాచకం వాక్యంలోకి ఒంటరిగా రావడం తక్కువ. ఏ నీనో, కూనో, లోనో, తోనో వెంటబెట్టుకునే వస్తుంది. అంటే ఈ పెట్టె ఒక మాటకు కాదు, దాదాపు పుస్తకమంతటికీ ఖాళీగానే తెరుచుకుంటుంది. ఇంత మామూలు విషయం ఇంతవరకూ ఎవరికీ తట్టలేదా? తట్టే ఉంటుంది. మరి ఎందుకిలా ఉండిపోయింది?

మా తాతయ్య దగ్గర శబ్దరత్నాకరం ఉండేది. బహుజనపల్లి సీతారామాచార్యులవారు కూర్చిన ఆ నిఘంటువు మొదట 1885లో అచ్చయింది. తాతయ్య దగ్గరున్నది ఎప్పటి ముద్రణో నాకు గుర్తులేదు కానీ, వెన్నుకు అంటించిన గుడ్డ ఊడి, దారాలు కనిపిస్తూ ఉండేది. ఏ మాటకైనా అర్థం అడిగితే ఆయన చెప్పేవారు కాదు, పుస్తకం నా ముందుకు తోసేవారు. నేను పేజీలు తిప్పి తిప్పి, ‘ఇందులో లేదు తాతయ్యా’ అనేవాణ్ణి. ‘ఉంటుంది నాన్నా, ముందు తోక తీసేసి చూడు’ అనేవారు. తోక తీయడం అంటే ఏమిటో ఆయన ఎప్పుడూ విడమరచి చెప్పలేదు. ‘ఏటిలో’ అని ఉంటే ‘ఏటి’ దగ్గర ఆగకూడదనీ, ‘ఏరు’ దగ్గరికి వెళ్ళాలనీ, ‘పొలాలకు’ అని ఉంటే ‘పొలము’ అని వెతకాలనీ వేలితో చూపించి చూపించి అలవాటు చేశారు. ఆ తర్వాత బళ్ళో ఔపవిభక్తికాలు బట్టీపట్టించినప్పుడు, ఇదంతా నాకు ముందే తెలుసే అనిపించింది. ఇ, టి, తి. ఊరు ఊరి అవుతుంది, ఇల్లు ఇంటి అవుతుంది, చేయి చేతి అవుతుంది. చిన్నయసూరి ఎంతో పొందిగ్గా సూత్రంలో ఇమిడ్చిన ఆ సంగతి మాకు పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న. అది ఒక యంత్రానికి నేర్పవలసిన విద్య అవుతుందని అప్పుడు ఎవరు ఊహిస్తారు?

నా ఈ-రీడర్ కోబో. టొరంటోలో ఉంటున్న మా అక్క కొడుకు వస్తూ వస్తూ తెచ్చిచ్చాడు. ఆ కంపెనీ పుట్టిందీ ఆ ఊళ్ళోనే, 2009లో. లోపల నడిచేది లైనెక్స్. కంప్యూటరుకు కేబుల్‌తో తగిలిస్తే పెన్‌డ్రైవ్ లాగా తెరుచుకుంటుంది. అందులో కోరీడర్ అనే ప్రోగ్రామ్ పెట్టుకున్నాను. మొదట్లో అది కిండిల్ మీద పీడీఎఫ్‌లు సరిగ్గా చదువుకోవాలనుకున్న కొద్దిమంది రాసుకున్నది. ఇప్పుడు కోబో, పాకెట్‌బుక్, ఆండ్రాయిడ్ పరికరాల మీదా నడుస్తుంది. ఉచితం, దాని మూలమంతా ఎవరైనా తెరిచి చూడవచ్చు, మార్చుకోవచ్చు. తెలుగు ఖతి ఒకటి దాని ఫాంట్ల ఫోల్డర్‌లో వేసి, వత్తులు కింది వరుస గుడులకు తగలకుండా వరుసల మధ్య ఎడం కాస్త పెంచుకుంటే చదవడానికి చక్కగా ఉంటుంది. చాలామందికి అంతవరకు చాలు. నాకూ కొన్నాళ్ళు చాలింది. కానీ ఆ ఖాళీ పెట్టె తెరుచుకున్నప్పుడల్లా ఒక్కటే అనిపించేది. తాతయ్య నాకు చూపించినట్టు దీనికీ తోక తీయడం చూపించలేనా? చూపించాలంటే నా దగ్గర ఏమేమి ఉండాలి?

ఈ రెండో ప్రశ్న దగ్గరే మనలో చాలామందిమి ఆగిపోతాం. ఫలానా యంత్రానికి ప్రోగ్రామ్ రాయాలి అనగానే ఏవేవో టూల్‌చెయిన్‌లు, ఆ యంత్రంలోని ఆర్మ్ చిప్‌కు సరిపడేలా మన ల్యాప్‌టాప్ మీద కంపైల్ చేసే తతంగం, నాలుగు పేజీల సూచనలు కళ్ళముందు మెదులుతాయి. సి భాషలో రాసే లోపలి భాగాలను మార్చాలంటే అదంతా నిజంగానే కావాలి. అయితే కోరీడర్‌లో మనకు కనిపించే భాగం, అంటే మెనూలు, పేజీ తిప్పడం, మాటను ఎంచుకోవడం, నిఘంటువును పిలవడం, ఇవన్నీ లువా అనే భాషలో రాసి ఉన్నాయి. లువా ఫైలు అంటే ఉత్త టెక్స్ట్ ఫైలు. ల్యాప్‌టాప్‌లో రాసిన అక్షరాలే అట్లాగే ఆ యంత్రంలోకి వెళ్ళి అక్కడ నడుస్తాయి. మధ్యలో కంపైల్ లేదు. పైగా కోరీడర్ మొత్తాన్ని ల్యాప్‌టాప్ మీదే ఒక చిన్న కిటికీలో నడుపుకోవచ్చు. దాన్నే ఎమ్యులేటర్ అంటారు. మూలం తెచ్చుకుని, కోడెవ్ అనే స్క్రిప్టుతో కావలసిన లైబ్రరీలు దింపుకుని, కట్టుకుని, నడుపుకోవడం ఒక పద్ధతి. లైనెక్స్ ఉన్నవాళ్ళు అదీ వద్దనుకుంటే, ముందే కట్టిపెట్టిన యాప్‌ఇమేజ్ దొరుకుతుంది, దింపుకుని నొక్కడమే. ప్లగిన్, అంటే కోరీడర్‌కు తగిలించే చిన్న ప్రోగ్రామ్, రాసుకునేవాళ్ళకు రెండోది చాలు. అది, ఒక టెక్స్ట్ ఎడిటర్, ఒక కేబుల్. మొత్తం ఏర్పాటు ఇంతే.

నేను మాత్రం మొదటి పద్ధతే ఎంచుకున్నాను. అవసరం ఉండి కాదు, లోపల ఏముందో చూడాలని. ఆ మధ్యాహ్నం టెర్మినల్‌లో ఒక్కో పేరూ పైకి జరుగుతూ పోతుంటే చూస్తూ కూర్చున్నాను. అక్షరం గీసే ఫ్రీటైప్, పీడీఎఫ్ విప్పే మ్యూపీడీఎఫ్, పాత స్కాన్ పుస్తకాల కోసం డెజావు, ఈ-పుస్తకం పేజీని పేర్చే సీఆర్‌ఇంజన్, వాటి మధ్య హార్ఫ్‌బజ్. తెలుగువాళ్ళం తలుచుకోవలసిన పేరు ఈ చివరిది. ‘స్త్రీ’ అని మనకు కనిపించేది ఒక్క అక్షరం. ఫైలులో అది స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి, ఇలా ఆరు సంకేతాల వరుస. ఆ ఆరింటినీ చూసి, ఏది కిందికి దిగాలో, ఏది పైకెక్కాలో, ఏది పక్కకు ఒదగాలో ఖతిని అడిగి తెలుసుకుని ఒద్దికగా కూర్చేది హార్ఫ్‌బజ్. అది సరిగ్గా పనిచేయకపోతే పేజీ నిండా పొల్లులు తలల మీద వేలాడుతుంటాయి. పాత ఫోన్లలో, పాత బ్రౌజర్లలో అలాంటి తెలుగు చూసి కళ్ళు నొచ్చుకున్న తరం మాది. ఎక్కడో ఎవరో కూర్చుని చేసిన ఆ పని ఇప్పుడు నా ల్యాప్‌టాప్‌లో, నా కళ్ళముందు, వరుసల కొద్దీ కట్టుకుంటూ పోతోంది. కృతజ్ఞత ఎవరికి చెప్పుకోవాలో తెలియక అలాగే చూస్తుండిపోయాను.

లువా గురించి కొంచెం చదివాను. అది 1993లో రియో డి జనీరోలోని ఒక కాథలిక్ విశ్వవిద్యాలయంలో పుట్టింది. రొబెర్తో ఇయెరుసలిమ్స్కీ, లూయిజ్ ఎన్రికె ది ఫిగెయిరెదో, వాల్దెమార్ సెలెస్ అనే ముగ్గురు దాన్ని తయారుచేశారు. అంతకుముందు బ్రెజిల్‌లో విదేశీ కంప్యూటర్ సరుకు మీద చాలాకాలం కట్టుబాట్లు ఉండేవి. కావలసినవి తామే తయారుచేసుకునే అలవాటు అక్కడివాళ్ళకు ఆ విధంగా వచ్చింది. వాళ్ళు పనిచేసిపెడుతున్నది పెట్రోబ్రాస్ అనే చమురు కంపెనీకి. అక్కడి ఇంజనీర్లు వృత్తిరీత్యా ప్రోగ్రామర్లు కారు. వాళ్ళు తమ లెక్కలు, తమ వివరాలు తామే రాసుకోగలిగేంత తేలికగా ఉండాలన్నది లువా వెనకున్న ఆలోచనల్లో ఒకటి. ఇది చదివాక ఆ భాష మీద నాకొక ఆపేక్ష కలిగింది. ప్రోగ్రామరు కానివాళ్ళను మనసులో పెట్టుకుని కట్టిన భాష కాబట్టే కదా, ఇన్నేళ్ళ తర్వాత, ఎక్కడో విజయవాడలో, తోకలు తీయడం మాత్రమే తెలిసిన నాలాంటివాడి చేతికి అందింది! గడప ఎత్తు కట్టేవాళ్ళ చేతుల్లో ఉంటుంది. ఎంత ఎత్తున కట్టారన్నదాన్ని బట్టే ఎవరు లోపలికి రాగలరో తేలిపోతుంది. వాళ్ళు ఆ సంగతి ఆలోచించి కట్టారు.

ప్లగిన్ అంటే ఏమీ లేదు, పేరు చివర ‘కోప్లగిన్’ అని ఉండే ఒక ఫోల్డర్. అందులో రెండు ఫైళ్ళు. ఒకటి నా పేరేమిటి, నేనేం చేస్తాను అని చెప్పుకునేది. రెండోది పనిచేసేది. ముందు మెనూలో ఒక వరుస చేర్చి, నొక్కితే ‘నమస్కారం’ అని పలికేలా రాశాను. ఎమ్యులేటర్ కిటికీ మూసి మళ్ళీ తెరిస్తే మెనూలో నా వరుస కనిపించింది, నొక్కితే పలికింది. ఆ ఒక్క మాట చూసి కలిగిన సంతోషం ఎంతటిదో చెప్పడం కష్టం. అన్నేళ్ళుగా చదువుతున్న వస్తువు మొదటిసారి నా మాట విన్నది. ఇక తోకల సంగతి చూడాలి. అక్కడ ఒక ఆశాజనకమైన విషయం ఎదురైంది. కోరీడర్‌లో జపనీస్ కోసం ఎవరో ఇదే పని ముందే చేసిపెట్టారు. జపనీస్ క్రియలకూ చివర్లు పెరుగుతూ పోతాయి. నొక్కిన మాట నుంచి ఆ చివర్లు ఒలిచి, మూలరూపాలు కావడానికి అవకాశమున్నవాటిని నిఘంటువు ముందు వరుసగా పెడుతుంది ఆ ప్లగిన్. ఏ భాషవాళ్ళైనా తమ ఒలుపుడు తాము రాసుకుని తగిలించుకునేందుకు వీలుగా ఒక కొక్కెం కూడా ఉంది. ఆ జపనీస్ పాఠకుడెవరో కానీ, తన పుస్తకం తాను చదువుకోవడానికి తవ్వుకున్న దారి మనకూ పనికొస్తోంది.

దగ్గరికెళ్ళి చూస్తే తెలుగు మాట కంప్యూటరుకు ఎలా కనిపిస్తుందో తెలిసింది. ‘చెరువులో’ అని రాసి, ఎంత పొడవు అని లువాను అడిగితే 24 అంటుంది. మన కంటికి నాలుగు అక్షరాలు. అచ్చులూ హల్లులూ విడదీస్తే ఎనిమిది సంకేతాలు. ఒక్కో తెలుగు సంకేతం మూడేసి బైట్లు తీసుకుంటుంది, లువా లెక్కపెట్టేది బైట్లను. అంచేత ‘లో’ తీసేయడమంటే చివరి నుంచి ఆరు బైట్లు తెంచడం. ఒక్క బైటు అటూ ఇటూ అయితే అక్షరం నడుమ తెగి, తెర మీద డొల్ల పెట్టె మిగులుతుంది. ఇలా తెంచుకుంటూ పట్టిక రాసుకుంటూ పోయాను. లో, తో, కి, కు, ని, ను, నుంచి, లోంచి, మీద, దాకా, వరకు. ఆ తర్వాత ‘పుస్తకాన్ని’, ‘పొలాలకు’ వంటివి. ఇక్కడ తోక తీస్తే సరిపోదు, పాత నిఘంటువుల కోసం చివర ‘ము’ అతికించాలి కూడా. శబ్దరత్నాకరంలోనూ బ్రౌను నిఘంటువులోనూ ‘పుస్తకం’ ఉండదు, ‘పుస్తకము’ ఉంటుంది. ఆ తర్వాత మా తాతయ్య పాఠాలు. టి ఉంటే లు, రు పెట్టి చూడు, తి ఉంటే యి పెట్టి చూడు. నోట్లో అంటే నోరు, గోతిలో అంటే గొయ్యి, నేతితో అంటే నెయ్యి. ఊళ్ళో, రాళ్ళు, కళ్ళు అనేవి ఏ సూత్రానికీ సులభంగా లొంగవు. వాటికి విడిగా చిన్న జాబితా పెట్టుకోవడమే మేలనిపించింది. పరీక్షలో రెండు మార్కులు తెచ్చిన సంగతి ఇప్పుడు ఫైలులో రెండు నిలువు వరుసలై కూర్చుంది. ఎడమవైపు ‘ఇంట్లో’, కుడివైపు ‘ఇల్లు’.

మరి తీయకూడని తోకలో? ‘పాలు’లో ‘లు’ ఉంది కదా అని తీసేస్తే ‘పా’ మిగులుతుంది. ‘వెన్ను’లో ‘ను’ తీసేస్తే ఇంకేదో అవుతుంది. ఇదే నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆలోచనలో పడేసింది. తాతయ్యకు ‘పాలు’ తోక తీయనక్కరలేదని ఎలా తెలుసు? తెలుసు, అంతే. యంత్రానికి ఆ ‘అంతే’ ఉండదు. చివరికి తేలిందేమిటంటే, తీర్పు చెప్పే బాధ్యత పట్టికకు ఇవ్వకూడదు. ఒలిచిన రూపాలూ, ఒలవని రూపమూ అన్నీ వరుసగా నిఘంటువుకు అందించాలి. ఉన్నదానికి అది అర్థం చెబుతుంది, లేనిదాన్ని వదిలేస్తుంది. దాదాపు నూట నలభై ఏళ్ళకిందట సీతారామాచార్యులవారు పేర్చిన పదాల వరుసే ఇక్కడ న్యాయనిర్ణేత. అలా అనుకున్నాక పని తేలికపడింది.

ఎమ్యులేటర్‌లో అన్నీ కుదిరాక అసలు యంత్రంలోకి పంపాలి. కేబుల్ తగిలించి, చుక్కతో మొదలయ్యే ‘యాడ్స్’ అనే ఫోల్డర్‌లో కోరీడర్ కింద ప్లగిన్లలో నా ఫోల్డర్ వేయడమే. ఏదైనా తిరగబడితే ఎక్కడ తిరగబడిందో చెప్పే లాగ్ ఫైలు అక్కడే ఉంటుంది, తెచ్చుకుని చదువుకోవచ్చు. అయితే కిటికీకీ అసలుదానికీ తేడా చేతిలోకి తీసుకున్నాకే తెలుస్తుంది. ల్యాప్‌టాప్‌లో నిఘంటువు పెట్టె కనురెప్పపాటులో వస్తుంది, మాయమవుతుంది. ఇక్కడ తెర నెమ్మది. ఎం.ఐ.టి. మీడియా ల్యాబ్‌లో మొలకెత్తి 1997లో కంపెనీ అయిన ఈ-ఇంక్ సాంకేతికత ఇది. వెంట్రుకవాసి గోళాల్లో నల్లని, తెల్లని రేణువులు ఉంటాయి. విద్యుత్తు దిశను బట్టి ఒకటి పైకి తేలుతుంది, మరొకటి అడుగుకు పోతుంది. ఒకసారి కుదురుకున్నాక కరెంటు అక్కర్లేదు, అలాగే ఉంటుంది. కదిలించాలంటే మాత్రం కొంత సమయం పడుతుంది. పెట్టె మూశాక దాని అంచుల నీడ పేజీ మీద సన్నగా మిగిలిపోతుంది, అప్పుడప్పుడు తెరంతా ఒకసారి నల్లబడి తెల్లబడితే తప్ప పోదు. ఎమ్యులేటర్‌లో ఆ మెరుపును అనుకరించే ఏర్పాటు ఉంది కానీ ఆ నీడ ఎలా ఉంటుందో అది చూపించలేదు. అందుకని పెట్టెను చిన్నది చేశాను, ఎక్కువ అర్థాలున్నప్పుడు మొదటిదే చూపించి మిగతావి తర్వాతి పేజీకి నెట్టాను. రేణువులకు తక్కువ పని, కంటికి తక్కువ ఇబ్బంది. చేత్తో పట్టుకుని చదివితే తప్ప ఈ మార్పు తట్టేది కాదు.

ఒక అనుమానం మాత్రం నన్ను వెంటాడుతూనే ఉంది. పుస్తకం తెరవగానే చదువుకోవాలి గానీ, దాని లోపలి మరలు విప్పుకుంటూ కూర్చోవడమేమిటి? ఈ పని మొదలుపెట్టాక నేను చదివిన పేజీలు తగ్గాయి. ప్రతి మాటా నాకు తోకతో కనిపించడం మొదలైంది. ఒక విషాదఘట్టం మధ్యలో ‘కన్నీళ్ళతో’ అన్న చోట ఆగి, దీన్ని పట్టిక ఎలా ఒలుస్తుందా అని ఆలోచిస్తున్నాను. ఇది చదువరి చేయవలసిన పనేనా? అయినా మరోవైపు చూస్తే, మనం చేయకపోతే ఎవరు చేస్తారు? 2016 చివర్లో కిండిల్‌లోకి భారతీయ భాషల పుస్తకాలు వచ్చాయి. హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం. తెలుగు ఆ అయిదింటిలో లేదు. వ్యాపారం లెక్కలు వ్యాపారానికి ఉంటాయి, కోట్లమంది మాట్లాడే భాష అయినా కొనేవాళ్ళు లెక్కకు రాకపోతే వరుసలో వెనక నిలబడుతుంది. ఆ వరుస కదిలేదాకా ఎదురుచూడడం ఒక దారి. ఒక టెక్స్ట్ ఎడిటర్, ఒక కేబుల్ చాలని తెలిశాక, ఎదురుచూడడం నాకు చేతకావడం లేదు. చదువుకు ఇది అడ్డమని ఒకపూట అనిపిస్తుంది, చదువులో ఇదీ భాగమేనని ఇంకోపూట అనిపిస్తుంది. తాటాకు మీద గంటంతో రాసి చదువుకున్నవాళ్ళు ఆకును ఎండబెట్టడం, పసుపు రాయడం, చిల్లు పొడిచి తాడు గుచ్చడం తామే చేసుకునేవారు కదా. వాళ్ళు దాన్ని చదువు కాదనుకున్నారా?

ఇంకో చిక్కు మిగిలే ఉంది. భాషను బట్టి పనిచేసే ప్లగిన్ కాబట్టి, పుస్తకం ఏ భాషదో ఫైలు లోపల సరిగ్గా రాసి ఉండాలి. నా దగ్గరున్న కొన్ని తెలుగు ఈ-పుస్తకాల్లో, తయారుచేసినవాళ్ళు పట్టించుకోక, భాష దగ్గర ఇంగ్లీషు అనే వదిలేశారు. పేజీ నిండా తెలుగు, లోపలి చీటీలో ఇంగ్లీషు. ప్లగిన్ ఆ చీటీని నమ్మి నోరు మూసుకుంటుంది. చీటీని నమ్మకుండా, నొక్కిన మాటలోని సంకేతాలు తెలుగువేనా అని చూసి కదిలేలా రాశాను. ఈ-పుస్తకాలు తయారుచేస్తున్నవాళ్ళు ఆ ఒక్క గడి సరిగ్గా నింపితే ఎంత బాగుండును! చదువరికి కనిపించని గడి అది. కానీ నిఘంటువూ, గట్టిగా చదివి వినిపించే గొంతూ, వెతుకులాటా అన్నీ దాని మీదే ఆధారపడతాయి.

ఒంగోలులో ఉన్న మా పిన్నికి కళ్ళు సరిగ్గా కనిపించక అచ్చు పుస్తకాలు మానేసింది. అక్షరాలు పెద్దవి చేసి ఇలాంటి రీడరే ఆమెకూ ఇచ్చాను, నా ప్లగిన్‌తో సహా. ‘ఎక్కడ పెట్టె ఖాళీగా తెరుచుకుంటే ఆ మాట నాకు పంపు పిన్నీ’ అన్నాను. రాత్రిపూట చదివి పొద్దున్నే ఫోన్లో చెబుతుంది. నామవాచకాలు చాలావరకు దారిలో పడ్డాయి. ఇప్పుడు ఆమె దగ్గర నుంచి వస్తున్నవన్నీ క్రియలు. ‘రాలేకపోయింది’ మీద నొక్కితే ఏమీ రాలేదట. రాదు మరి. వచ్చు, వచ్చి, వస్తూ, రా, రాక, రాలేక, ఇవన్నీ నిఘంటువులో ‘వచ్చు’ దగ్గరికే చేరాలి, కానీ ‘రా’లో ‘వచ్చు’ జాడ ఒక్క అక్షరం కూడా లేదు. చివర్లు ఒలిచి చేరుకోగల దూరం కాదది. వచ్చు, పోవు, తెచ్చు, చచ్చు, ఇచ్చు, ఇలాంటి పాత క్రియలకు ఒక్కోదానికీ రూపాలన్నీ చేత్తో రాసుకోవాలి. ‘మరి చదవబోతుండగా సంగతేమిటిరా?’ అని నిన్న అడిగింది పిన్ని. దానికి వేరే ఫైలు తెరిచాను.